మేకుకెక్కిన పిచ్ గేజు

హెలికాప్టర్ ఆగవలసిన ఎత్తులో ఆగలేదు. అంతవరకూ తాటిచెట్టు ఎత్తున గాలిలో కదలకుండా నిలబడి ఉంది. అక్కడి నుంచి నిలువునా దిగడం మొదలుపెట్టింది. నడుమెత్తుకు వచ్చేసరికి దాన్ని పట్టి నిలపాలి. రిమోట్ పట్టుకున్నతను నిలపబోయాడు. రెక్కల చప్పుడు బరువెక్కింది గాని దిగడం ఆగలేదు. నరికేసిన జామాయిల్ తోటలో మొదళ్లు తీసేసి చదును చేసుకున్న జాగా అది. హెలికాప్టర్ ఆ నేలను గట్టిగా తాకి పక్కకు ఒరిగింది. తిరుగుతున్న రెక్కలు మట్టిని కొట్టి విరిగాయి. ఒక ముక్క మా తలల మీదుగా పోయి వెనక ఎక్కడో పడింది. ఇంజను కాసేపు అలాగే మొత్తుకుని ఆగిపోయింది.

అక్కడ నలుగురం ఉన్నాం. రిమోట్ పట్టుకున్నది సారపాకలో ఉండే మెకానిక్. కాగితం మిల్లులో కాంట్రాక్టు కింద మీటర్లు, గేజులు బాగుచేసేవాడు. అతని వెనక అతని భార్య, కొంగు తల మీద కప్పుకుని. పక్కన హైదరాబాదు నుంచి అతని పనితనం చూడడానికే వచ్చిన దుకాణం యజమాని. ఆయనకు రిమోట్ హెలికాప్టర్ల సామాను అమ్మే కొట్టూ, దాని వెనక చిన్న వర్క్‌షాపూ ఉన్నాయి. ఆ వర్క్‌షాపులో కూర్చుని పనిచేసే మనిషి ఒకడు కావాలి. నాలుగోవాణ్ణి నేను. భద్రాచలం నుంచి ఒక దినపత్రికకు వార్తలు రాసేవాణ్ణి.

మెకానిక్ రిమోట్‌ను మెల్లగా నేలమీద పెట్టాడు. దాని ఏరియల్‌ను ఒక్కొక్క మెట్టుగా లోపలికి నెట్టాడు. హడావుడి ఏమీ లేదు.

"పోయిందన్నా," అన్నాడు, నా వైపు చూడకుండా.

"అయితది భాయ్. మషీన్ గద," అన్నాడు దుకాణం యజమాని. అని చేతిగడియారం చూసుకున్నాడు.

నాకు ముందుగా కలిగింది బాధ కాదు. ఇన్నేళ్ల తరువాత అబద్ధం రాయడం దేనికి? చాలా రోజులుగా లోపల బిగుసుకుని ఉన్నదేదో వదులైనట్టనిపించింది. అతనికి కూడా పడిపోతుంది, అనుకున్నాను. ఆ సుఖం రెండు నిమిషాలు కూడా నిలవలేదు. రెక్కల వాలు కొలిచే అతని పిచ్ గేజు గుర్తుకొచ్చింది. మూడు రోజుల కింద అది నా వల్ల మా ఇంటి బండల మీద పడింది. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు.

ఈ కథ నా పనిముట్ల పెట్టెతో మొదలవుతుంది.

రెండువేల సంవత్సరం దాటిన మూడు నాలుగేళ్లకు, పత్రిక పనిమీద హైదరాబాదు వెళ్లినప్పుడు ఒక మైదానంలో మొదటిసారి అలాంటి హెలికాప్టర్ చూశాను. మనిషి చేయి చాచినంత పొడవు. తలకిందులుగా కూడా ఎగిరింది. ఎగరేసినవాణ్ణి పట్టుకుని దుకాణం ఆచూకీ అడిగి, ఆ సాయంత్రమే అక్కడికి పోయాను. దుకాణం యజమాని కిట్టు పెట్టెను నా ముందుకు తోసి, దాని పక్కనే ఇంకో ఖాళీ అల్యూమినియం పెట్టె పెట్టాడు.

"కిట్టు అందరు కొంటరు సార్. గీ పెట్టె నింపుకున్నోడే ఎగరేస్తడు," అన్నాడు.

నేను నింపుకున్నాను. ఒకేసారి కాదు, రెండేళ్ల పాటు. రంగురంగుల పిడులున్న అలెన్ డ్రైవర్లు నాలుగు. ఒకటిన్నర మిల్లీమీటర్లది అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే అంత చిన్న బోల్టు తలను నాసిరకం అలెన్ కీతో తిప్పితే లోపలి మూలలు గుండ్రంగా అరిగిపోయి, ఇక ఎవరి తరమూ కాదు. రెక్కను కదిపే కడ్డీ చివర గోళీ మీద బిగుసుకునే ప్లాస్టిక్ లింకును విరగకుండా ఊడదీసే వంకర పటకారు. రెక్కల బరువు సమానంగా ఉందో లేదో చూసే తూనిక. బోల్టులు అదురుకు ఊడిపోకుండా వేసే నీలం గమ్ము. ప్లగ్గును ఎర్రగా కాల్చే బ్యాటరీ క్లిప్పు. ఇంజను తిరగకుండా పట్టి ఉంచే బిరడా. స్పాంజిలో ఏ పనిముట్టుకు ఆ గుంట కోసి అమర్చాను. పెట్టె తెరిస్తే నగల దుకాణంలా ఉండేది. ఇంటికొచ్చిన వాళ్లకు హెలికాప్టర్ కంటే ముందు పెట్టె చూపించేవాణ్ణి.

వాటన్నిటిలో పిచ్ గేజు ఒకటి. అదేమిటో ఇక్కడే చెప్పడం మంచిది. హెలికాప్టర్ రెక్క ఎంత వాలుగా ఉందో డిగ్రీల్లో చూపే కొలత పనిముట్టు అది. రెక్కకు తొడిగి, పైనున్న అడ్డకడ్డీతో కన్ను కలిపి చూసి, అంకె చదువుకోవాలి. వాలు పెంచితే హెలికాప్టర్ లేస్తుంది, తగ్గిస్తే దిగుతుంది. రిమోట్ మీద స్టిక్ ఎక్కడుంటే రెక్క ఎంత వాలాలన్నది ముందుగా ఈ గేజుతోనే కట్టుకోవాలి. ఆ కొలత తప్పితే తరువాత చేతికున్న నేర్పంతా తప్పు లెక్క మీద నడుస్తుంది. నాది ప్లాస్టిక్ గేజు, కంపెనీది. తొడిగిన ప్రతిసారీ అర డిగ్రీ తేడా చూపించేది. అది నా చేతి తప్పని చాలాకాలం అనుకున్నాను.

అన్నీ ఉన్నా నా హెలికాప్టర్ నిలబడేది కాదు. కిందికి వెదురు పుల్లలు అడ్డంగా కట్టి, వాటి చివర్లకు ప్లాస్టిక్ బంతులు గుచ్చి, ఒరిగిపోకుండా ఏర్పాటు చేసుకుని గోదావరి ఇసుకలో ఆదివారాలు కుస్తీ పట్టాను. లేచేది, ఎడమకు పోయేది, నేను కుడికి లాగేవాణ్ణి, కుడికి పోయి పడేది. ఊపిరి బిగపట్టి వదిలేంతసేపు కూడా ఒక్కచోట ఉండేది కాదు. విరిగిన రెక్కలు మా ఇంట్లో ఒక మూలన పొయ్యిలోకి కట్టెల్లా పేరుకున్నాయి.

అలాంటి రోజుల్లో ఒక ఊరి నుంచి ఫోన్ వచ్చింది. ఫోన్ చేసినాయన గొంతు తగ్గించి మాట్లాడాడు.

"సార్, మా ఊరి పక్క జామాయిల్ తోటల పోలీసోళ్ల హెలికాప్టర్ తిరుగుతాంది."

ఆ కాలంలో ఆ అడవి అంచున ఇది నవ్వుకునే మాట కాదు. పెన్ను తీసుకున్నాను. "ఎంత పెద్దది?" అన్నాను.

కాసేపు ఆలోచించాడు. "బాతంత ఉంటది," అన్నాడు.

పెన్ను మూసి బండి తీశాను. తోట దగ్గరికి వెళ్లేసరికి మధ్యాహ్నం దాటింది. నరికిన చెట్ల మధ్య జాగాలో ఒక బక్కపలచని మనిషి, మోకాలెత్తున ఒక హెలికాప్టర్. అది ఎటూ కదలడం లేదు. గోడకు తగిలించినట్టు గాలిలో ఒక్కచోట ఉంది. దుమ్ము మాత్రం గుండ్రంగా లేచి పోతున్నది. గూడెం నుంచి వచ్చిన ఒక ముసలాయన గొంతుక్కూర్చుని చుట్ట తాగుతూ చూస్తున్నాడు. నేను పక్కన నిలబడగానే జాలిగా తల ఊపాడు.

"పొద్దటిసంది గట్లనే ఉన్నది సారూ. ఎటూ పోతలేదు. చెడిపోయినట్టుంది," అన్నాడు.

రెండేళ్లుగా నేను చూడాలని తపించిన దృశ్యం అది. చూసేసరికి కడుపులో మంట లేచింది. ఎవడు ఇతను, ఎక్కడివాడు, అతనికి ఏ పెట్టె ఉంది? ఇంజను ఆపాక దగ్గరికి వెళ్లి మొదట అడిగిన ప్రశ్న అదే.

"టూల్స్ ఎక్కడ కొన్నావు తమ్ముడూ?"

"టూల్సా?" అని నవ్వాడు. "ఇంటికి రా అన్నా, సూపిస్త."

సారపాకలో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవారు భార్యాభర్తలు. గోడకు ఒక చెక్క పలక, పలక నిండా మేకులు. ప్రతి మేకు కింద ఆ పనిముట్టు ఆకారం నల్లరంగుతో గీసి ఉంది. ఏది లేకపోయినా ఆ నల్లటి నీడ ఖాళీగా కనిపిస్తుంది. అవి కొన్నవి కావు. మంచి ఉక్కు అలెన్ కీల పొట్టి చేతులు కోసేసి, జామాయిల్ కర్రతో పిడులు చెక్కి తొడిగాడు. పాత కటింగ్ ప్లేయర్ పళ్లు అరగదీసి చిన్న చిన్న పనిముట్లు చేసుకున్నాడు. నీలం గమ్మును చీపురు పుల్ల మొనతో ఒక్క చుక్క పెట్టేవాడు. నేను సీసా నుంచి నేరుగా పోసి బోల్టులను శాశ్వతంగా అతికించిన రోజులు గుర్తొచ్చాయి. రెక్కలు తూచడానికి రెండు గాజు గ్లాసులు. రెండు రెక్కలను మొదళ్ల దగ్గర ఒకే బోల్టుతో కలిపి, ఆ బోల్టును రెండు గ్లాసుల అంచుల మీద ఆనించేవాడు. ఏది బరువైతే అది కిందికి వాలుతుంది. తేలికైన దానికి చిన్న టేపు ముక్క అంటించేవాడు. నేను తూనికకు ఎంత పెట్టానో అతనికి చెప్పలేదు.

పిచ్ గేజు కూడా తనే చేసుకున్నాడు. అల్యూమినియం రేకును రెక్క ఆకారానికి వంచి, దానికి డిగ్రీలు చెక్కిన ఒక అర్ధచంద్రం రివెట్‌తో బిగించాడు. గీతలు ఎంత సన్నగా ఉన్నాయంటే కళ్లజోడు సరిచేసుకుని చూడవలసి వచ్చింది. నేను పదిసార్లు తొడిగి తీశాను. పదిసార్లూ ఒకే అంకె చూపించింది. పదకొండోసారి తొడుగుతుంటే అతని భార్య చాయ్ తెచ్చి నవ్వింది.

"అన్న దాన్ని నమ్ముతలేడు," అంది.

"నమ్ముతున్నా చెల్లెమ్మా. అదే బాధ," అన్నాను. వాళ్లిద్దరూ అది జోకనుకున్నారు.

అప్పటి నుంచి వారానికి రెండుసార్లు సారపాక వెళ్లేవాణ్ణి. స్నేహమే, కాదనను. కానీ వెళ్లిన ప్రతిసారీ ఒక కొత్త లోటుతో తిరిగొచ్చేవాణ్ణి. ఒకసారి నా వంకర పటకారు రెండు రోజులు ఇమ్మని అడిగాడు. ఎవరికో ఇచ్చానని అబద్ధం చెప్పాను. పెట్టెలోనే ఉంది, దాని గుంటలోనే ఉంది. వారం తిరిగేలోగా అతను ఒక పాత పటకారును వంచి సొంతంగా చేసుకున్నాడు. అది నాదానికంటే లింకును మెత్తగా ఊడదీసేది. "నీది తీస్కపోయినోడు ఇంక తేలేదా అన్నా, ఇది వట్కపో," అని నా చేతిలో పెట్టబోయాడు. పని ఉందని లేచి వచ్చేశాను.

ఆ పలకకు ఒక పద్ధతి ఉండేది. కొత్తగూడెంలో ఒక ఉస్తాద్ లేత్ షెడ్డులో అతను పని నేర్చుకున్నాడు. ఈ పద్ధతి అక్కడిదే. ఎవరైనా ఒక పనిముట్టు తీసుకుపోతే ఆ మేకుకు తన వస్తువేదైనా తగిలించి పోవాలి. నేను ఎప్పుడూ నా పత్రిక గుర్తింపు కార్డు తగిలించేవాణ్ణి. ఇది మొదటి నియమం. రెండోది ఇంకా ముఖ్యం. పలక కింద, నేలమీద ఒక నూనె డబ్బా మూత ఉండేది. కింద పడిన పనిముట్టు ఏదైనా, ముఖ్యంగా కొలిచేది, మళ్లీ మేకు ఎక్కకూడదు. ఆ మూతలో వేయాలి. వేసినవాణ్ణి ఎవరూ ఏమీ అడగరు. ఎప్పుడు పడింది, ఎట్లా పడింది, ఎవరి చేతిలో పడింది అన్న మాట రాకూడదు. తీరిక దొరికినప్పుడు సరిచూసి, సరిచేసి, అప్పుడు మేకుకు ఎక్కిస్తారు.

"అడిగితే ఎవడు జెప్తడన్నా?" అనేవాడు. "అడగకుంటె మూతల ఏసి పోతడు. మాకు పనిముట్టు గావాలె, మనిషి ఒప్పుకునుడు ఏం జేస్కుంటం?"

నేను చూస్తుండగానే అతను నెలలో మూడుసార్లు తన చేతి తప్పును తనే ఆ మూతలో వేశాడు. నేను ఒక్కసారి కూడా వేయలేదు. దాన్ని గొప్పగా లెక్కపెట్టుకునేవాణ్ణి.

హైదరాబాదు దుకాణం యజమానికి అతని గురించి చెప్పింది నేనే. విడిభాగాల కోసం ఫోన్ చేసినప్పుడు, మా దగ్గర ఇట్లాంటివాడు ఒకడున్నాడని, అన్నీ ఇంట్లోనే చేసుకున్నాడని చెప్పాను. నేను కనిపెట్టిన మనిషిలా చెప్పాను. ఆయన చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"గేజు గూడ చేసిండా? చేసి, నిలవెడుతున్నడా?"

"అవును. గోడకు తగిలించినట్టు."

"నీ దగ్గర అన్ని ఉన్నయి గద సార్. నువ్వెంతసేపు నిలవెడుతున్నవ్?"

నేర్చుకుంటున్నానని చెప్పాను. ఆయన నవ్వలేదు, అది ఇంకా గుచ్చుకుంది. వచ్చే ఆదివారం తనే వస్తానన్నాడు. ఒక వర్క్‌షాపు మనిషి కోసం ఏడాదిగా వెతుకుతున్నాడట. కిట్లు బిగించి, కొన్నవాళ్ల మిషన్లు సరిచేసి, కూర్చోవడానికి ఒక బల్ల, నెల తిరిగితే జీతం.

ఆ కబురు మెకానిక్‌కు, అతని భార్యకు చెప్పాను. భార్య అడిగింది.

"నిజంగనే వస్తడా అన్నా? ఈసారి కాంట్రాక్టరు మారుతుండంట. గేటు పాసు మల్ల ఇస్తరో ఇయ్యరో తెల్వదు. పోయినసారి పేరు రాసుకోవడానికే నెల తిప్పిండ్రు."

హైదరాబాదులో ఒక గది కిరాయి ఎంతుంటుందని అడిగింది. వంటకు గ్యాసు ఉంటుందా, కట్టెలా అని అడిగింది. అతను మాత్రం ఒకటే మాట అన్నాడు. "పాత రెక్కలకు అతుకులున్నయి. కొత్తయి తొడగాలె."

కొత్త చెక్క రెక్కలు నా దగ్గర ఉన్నాయి, ఇచ్చాను. ఈ విషయంలో నన్ను నేను మెచ్చుకున్నాను.

గురువారం అతని గేజు అడిగి తీసుకున్నాను. కార్డు మేకుకు తగిలించాను. ఆదివారం ఆయన వచ్చినప్పుడు నా హెలికాప్టర్ కూడా ఒక్క నిమిషమైనా నిలబడాలన్నది నా ఆలోచన. మెకానిక్‌తో మాత్రం, సరిచూసుకుని రేపే ఇస్తానని చెప్పాను. ఇంట్లో మంచం అంచున కూర్చుని ఒక రెక్కకు కొలత కట్టాను. రెండో రెక్కకు తొడగబోతుంటే ఫోన్ మోగింది. గేజును దుప్పటి మీద పెట్టి లేచాను. దుప్పటి నాతో పాటు లేచింది. మా ఇంట్లో నేల ఖమ్మం నల్లబండ. గేజు చిన్న చప్పుడు చేసి, ఒకసారి ఎగిరి, గోడ దగ్గర ఆగింది.

తీసి వెలుతురుకు పెట్టి చూశాను. వంపు కనిపించలేదు. రివెట్ దగ్గర వేలితో కదిపితే కదలలేదు. వెంట్రుకవాసి జరిగిందా అంటే జరిగినట్టూ ఉంది, లేనట్టూ ఉంది. నా ప్లాస్టిక్ గేజుతో పోల్చాను. తేడా వచ్చింది. కానీ దానితో ఎప్పుడూ తేడానే. రెండో రెక్కకు కూడా దానితోనే కొలత కట్టి, తెల్లారి ఇంజను నడిపాను. పక్కనుంచి చూస్తే రెండు రెక్కలూ ఒకే గీత మీద తిరగాలి. నావి రెండు గీతల మీద తిరిగాయి. ఒక రెక్క గేజు పడకముందు కట్టింది, ఇంకోటి పడ్డాక కట్టింది. అదే రుజువు కదా అనిపించవచ్చు. నాకూ అనిపించింది. కానీ నా రెక్కలు ఒక్క గీత మీద తిరిగిన రోజు అంతకుముందు మాత్రం ఎప్పుడుంది?

శుక్రవారం సాయంత్రం సారపాక వెళ్లాను. అతను షిఫ్టులో ఉన్నాడు. భార్య తలుపు తీసి, చాయ్ పెడతానని లోపలి మూలకు పోయింది. పలక ముందు నేనొక్కణ్ణే. మేకుకు నా కార్డు వేలాడుతున్నది. దాని కింద మూత ఉంది. అందులో అతను ఎప్పుడో పడేసుకున్న ఒక స్కేలు ఉంది. వంగి గేజును ఆ స్కేలు పక్కన పెడితే చాలు. ఒక్క మాట కూడా మాట్లాడనక్కరలేదు. అతను శనివారం పొద్దున చూసి, సరిచేసి, కొత్త రెక్కలకు తొడిగేవాడు.

నేను కార్డు తీసుకుని గేజును మేకుకు తగిలించాను.

ఎందుకంటే ఇదీ అని ఒక్క కారణం చెప్పలేను. ఆ మూతలో నేను ఎన్నడూ ఏదీ వేయలేదన్న బడాయి కొంత. ఇప్పుడు వేస్తే, ఇన్ని రోజుల్లో తొలిసారి పడేసింది అతని గేజునేనా అనుకుంటాడన్న సిగ్గు కొంత. ఏమీ కాలేదులే అన్న నమ్మకం కూడా ఉంది. ఇవన్నీ తీసేశాక అడుగున ఇంకోటి మిగులుతుంది. పదిసార్లు తొడిగితే పదిసార్లూ ఒకటే చూపించే ఆ గేజు ఒక్కసారైనా తప్పు చూపించాలని నేను కోరుకున్నాను. అతని పొట్ట కొట్టాలని కాదు. ఆ గేజు మీద కోపం. ఆ రెండూ వేరని అప్పుడు గట్టిగా అనుకున్నాను.

శనివారం అతను కొత్త రెక్కలు తొడిగి, ఆ గేజుతోనే కొలతలన్నీ కట్టుకున్నాడు. సాయంత్రం ఒకసారి ఎగరేసి చూద్దామనుకున్నాడు గాని గాలిదుమారం లేచి, రాళ్ల వాన పడింది. కుదరలేదు.

ఆదివారం పొద్దున పది దాటేసరికి ఎండ మండిపోతున్నది. దుకాణం యజమాని కారు దిగి, ముందు నా పెట్టె తెరిచి చూసి, "అరే, మా దుకాణంల గూడ ఇట్ల సదిరి లేదు సార్," అన్నాడు. తరువాత మెకానిక్ తెచ్చిన గుడ్డసంచి విప్పించుకుని, జామాయిల్ పిడుల డ్రైవర్లను ఒక్కొక్కటే చేతిలో తిప్పి చూశాడు. గేజు దగ్గర చాలాసేపు ఆగాడు. ఆ తరువాత నా పెట్టె వైపు మళ్లీ చూడలేదు.

ఆయన కారులో తెచ్చుకున్న నా హెలికాప్టర్‌ను నేను దింపనే లేదు. అతనిది లేచింది. మోకాలెత్తున నిలబడింది, ఎప్పటిలాగే. కాసేపటికి అతను నా పక్కకు ఒరిగి, ఆయనకు వినపడకుండా అన్నాడు.

"అన్నా, స్టిక్ ఎప్పటికన్న మీదికి అడుగుతాంది."

అంటే రెక్క అనుకున్నంత వాలడం లేదని అర్థం. నాకు అర్థమైంది. నోరు తెరవబోయాను. అతనే మళ్లీ అన్నాడు.

"ఎండకు గావచ్చు. గాలి పల్చగున్నది. రెక్కలు గూడ కొత్తయి."

"అవును, ఎండ," అన్నాను.

"భాయ్, జర పైకి తీసుకపో," అన్నాడు దుకాణం యజమాని. "ఆడికెల్లి జల్దీ దించి, నడుమంత మీద ఆపు. గది జూస్త. ఇంజను మీద చెయ్యి ఎట్లున్నదో ఆడనే తెలుస్తది."

తరువాత జరిగింది మొదట్లోనే చెప్పాను.

ఆయన మా ఇంట్లో భోంచేసి, ఫోన్ చేస్తానని చెప్పి వెళ్లాడు. చేయలేదు. నెల రోజులకు విడిభాగాల మిషతో నేనే ఫోన్ చేస్తే, వేరే మనిషిని పెట్టుకున్నానన్నాడు. "మీవోడు మంచోడే సార్. గాని కస్టమర్ మషీన్ చేతిల పెట్టాలె గద," అన్నాడు. నేను అవునన్నానో, కాదన్నానో సరిగా గుర్తులేదు. గేజు సంగతి మాత్రం చెప్పలేదు. అది ఖచ్చితంగా గుర్తుంది.

హెలికాప్టర్ పడిపోయిన వారానికి మెకానిక్ గదికి వెళ్లాను. నేను పనిచేసే పత్రికనే నేలమీద పరిచి, హెలికాప్టర్ ముక్కలన్నీ దానిమీద వరుసగా పేర్చి కూర్చున్నాడు. చచ్చిన మిషన్ ఎందుకు చచ్చిందో కనుక్కోవాలని పట్టుదల.

"మూడు దొరికినయన్నా," అన్నాడు. "ఫ్యూయల్ సీసాల వాన చెమ్మ జొచ్చింది. దాంతోని ఇంజను బలం ఇయ్యదు. లింకు ఒకటి వంగింది, గని అది పడ్డంక వంగిందో ముందుగల్లనే వంగిందో తెల్వదు. మూడోది ఎండ. ఏదో ఒకటి గావాలె. మూడు గూడ గావచ్చు."

"పిచ్ కొలతలు చూశావా?" అన్నాను.

"ఇప్పుడేం జూస్తం? రెక్కలే లేకపాయె. లింకులన్ని కదిలినయి."

అంతవరకూ వచ్చాక ఇంకొక్క అడుగు వేశాను. "గేజు ఒకసారి సరిచూడరాదూ?"

అతను ఆశ్చర్యంగా నా వైపు చూశాడు. గోడ వైపు చూపించాడు. గేజు దాని మేకుకు, దాని నల్లటి నీడ మీద అచ్చంగా అమరి ఉంది.

"మేకు మీదున్నదాన్ని సూసుడేందన్నా?" అన్నాడు. "పడ్డదైతే మూతల ఉండు గద."

చెప్పడానికి నాకు అంతకంటే మంచి సమయం దొరకదు. ఉస్తాద్ పద్ధతి ప్రకారం నేను ఒప్పుకోవలసిన పని కూడా లేదు. లేచి, దాన్ని తీసి, మూతలో వేసి కూర్చుంటే సరిపోయేది. అతను అడిగేవాడు కాదు. నేను లేవలేదు. అతని భార్య ఇచ్చిన చాయ్ తాగాను. అప్పటి నా మనసు గురించి ఇంకో మాట కూడా చెప్పాలి. విరిగిన ముక్కల ముందు కూర్చుని కూడా అతను నాకంటే ఎక్కువ తెలిసినవాడిలా కనిపించాడు. అది కూడా నచ్చలేదు.

కొత్త కాంట్రాక్టరు వచ్చాక అతని పేరు జాబితాలో రాలేదు. రెండు నెలలు చూసి, భార్య పుట్టిల్లు ఉన్న తిరుమలాయపాలెం వైపు వెళ్లిపోయారు. అక్కడ మోటార్ల వైండింగు దుకాణం పెట్టాడు. హెలికాప్టర్ మళ్లీ కట్టలేదు. నేను కూడా మరుసటి ఏడు నాది అమ్మేశాను. పెట్టెతో సహా కొన్నతను పెట్టెను చూసే కొన్నాడు. అమ్మేనాటికి కూడా నా హెలికాప్టర్ నిలబడలేదు.

కొన్నాళ్లకు పత్రిక పనిమీద ఆ వైపు వెళ్లి, దారిలో అతని దుకాణం దగ్గర ఆగాను. ముందు నాలుగు మోటార్లు, వాటిని తెచ్చిన రైతులు బల్లమీద. పొలాల్లో నీళ్లు ఆగిపోయి ఉంటాయి, అయినా ఎవరూ అతన్ని తొందర పెట్టడం లేదు. "ఆయన చెయ్యి వడితె మల్ల రెండేండ్లు సూడక్కర్లే," అన్నాడు ఒకాయన నాతో, నేనూ మోటారు తెచ్చినవాణ్ణే అనుకుని. పదిమంది నమ్మి కూర్చునే చోటు నాకు నా వృత్తిలో కూడా దొరకలేదు. అక్కడ కూడా, ఆ వైరు ముక్కల మధ్య కూడా, నాకు అదే మంట లేచింది.

లోపల అదే పలక. కొత్త మేకులు, కొత్త ఆకారాలు చాలా చేరాయి. హెలికాప్టర్ పనిముట్లు పై వరుసకు పోయాయి. వాటితో ఇప్పుడు పని లేదని, అయినా తీసేయబుద్ధి కాలేదని అతను అన్నాడు. భార్య నన్ను గుర్తుపట్టి పలకరించింది, చాయ్ తెప్పించింది. ఆ ఆదివారం మాట ముగ్గురిలో ఎవరమూ ఎత్తలేదు.

పిచ్ గేజు పై వరుసలో మూడో మేకుకు ఉంది. బండల మీద పడిన తరువాత దాన్ని ఇంతవరకు ఎవరూ సరిచూడలేదు.